గల్లీ చెయ్యి

మా తమ్ముడి కూతురు స్వప్న కిందటి నెల రాయ్‌పూర్ నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. భిలాయిలోని రుఆబాంధాలో మా ఇల్లు చిన్నది. చలికి ఇంకో రగ్గు కావాలంటే ఇనప ట్రంకుపెట్టె తెరవాల్సిందే. రగ్గు కోసం పెట్టెలో చెయ్యి పెట్టిన పిల్ల అడుగునుంచి ఒక ఉన్ని బంతిని పైకి తీసింది. బాల్ బ్యాడ్మింటన్ బంతి. సగం పసుపుపచ్చ, సగం మా నాన్న పాత మఫ్లరు ఊడదీసిన ఆకుపచ్చ ఉన్ని. అది గుండ్రంగా ఉండదు. ఒకవైపు బరువు ఎక్కువ, పైకి ఎగరేస్తే దారి మధ్యలో పక్కకు ఒరిగిపోతుంది. "అత్తా, ఇదేటి? ఇంత టేఢా బాల్‌తో ఎవరు ఆడతారు?" అని పకపకా నవ్వింది. అది మీ నానమ్మ చుట్టిన బంతి, దాంతో నేనే ఆడాను అన్నాను.

స్వప్న అక్కడ ఒక అకాడమీలో పిల్లలకు ఆటల శిక్షణ ఇస్తుంది. అందుకు పెద్ద చదువే చదివింది. నవ్వు ఆపి, బంతిని నాలుగైదుసార్లు ఎగరేసి పట్టుకుని, ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇకలాజికల్ డైనమిక్స్ అని ఒక సిద్ధాంతం ఉందట. కోచ్ నోటితో చెప్పినంత మాత్రాన నైపుణ్యం ఆటగాడి చేతిలోకి దిగదట. నేల, గాలి, బంతి, ఎదుటి మనిషి, ఆడేవాళ్ళ ఒడ్డూ పొడుగూ, వీటన్నిటి మధ్యా అది పుడుతుందట. అందుకని మంచి కోచ్ చెయ్యి ఇలా తిప్పు, కాలు అలా పెట్టు అనడం తగ్గించి, చుట్టూ ఉన్నవాటిని మారుస్తాడట. చోటు ఇరుకు చేస్తాడు, బంతి బరువు మారుస్తాడు, వల ఎత్తు పెంచుతాడు. దారి పిల్లలే వెతుక్కుంటారు. "నానమ్మ చేసింది ఎగ్జాక్ట్‌గా ఇదే అత్తా! కమాల్ హై కదా!" అంది. తాతకు దగ్గులు నేర్పినట్టుంది అని నేనూ నవ్వాను. టీ గ్లాసులు కడగడానికి పెరట్లోకి వెళ్ళాక మాత్రం కోపం ముంచుకొచ్చింది. ఇప్పుడు పుస్తకాల్లోకి ఎక్కిన ఈ సంగతినే ఆ రోజుల్లో గల్లీ ఆట అని వెక్కిరించి నా చేతిలోంచి లాగేసుకున్నారు. అంతకు ముందువారమే, నా దగ్గర ఆట నేర్చుకునే హేమిన్ అనే పిల్ల ఆటను కూడా అలాగే లాగేసుకోవాలని ఒక పెద్దమనిషి వచ్చి వెళ్ళాడు. ఇదంతా రాయడానికి కారణం ఆ కోపమే, దాచుకోవడం ఎందుకు.

మేము పెరిగింది సెక్టర్ సిక్స్ క్వార్టర్లలో. నాన్న రాజాం దగ్గరి పల్లెనుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా చేరాడు. ఎ షిఫ్ట్ వారాల్లో ఆయన తెల్లవారుతుండగానే లేచి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, సైకిల్ స్టాండు టప్పుమని తన్ని వెళ్ళిపోయేవాడు. ఆ చప్పుడే మాకు అలారం. మధ్యాహ్నం వచ్చేసరికి చొక్కా నిండా నూనె, ఇనుము కలిసిన వాసన. ఆ ఖాకీ బట్టల్ని అమ్మ సోడా నీళ్ళలో నానబెట్టి, బాది, గంజి పెట్టి ఆరేసేది. గంజి పెట్టని యూనిఫారం వేసుకుని మగవాడు డ్యూటీకి వెళితే ఇంట్లో ఆడది లేదనుకుంటారని ఆవిడ నమ్మకం. సాయంత్రం ఇంటింటా బొగ్గుల సిగ్డీలు బయటపెట్టి అంటించేవాళ్ళు. ఆ పొగ మా గల్లీలో నడుమెత్తున నిలబడిపోయేది. ఆ పొగలోనే మా ఇంట్లో ఉప్పుచేప కాలితే మేడమీది పాండే చాచీ కిటికీలు ధనధనా మూసేది. అమ్మ పైకి చూసి "కందకి నేని దురద కత్తిపీటకేటి!" అనుకుంటూ ఇంకో చేపముక్క నిప్పుల మీద వేసేది.

రెండు వరసల క్వార్టర్ల వెనక వంటిళ్ళ మధ్య ఉన్న సందే మా గల్లీ. అందులో ఒక చివరనుంచి ఇంకో చివరకు బట్టల తీగ. మా ఆటకు అదే వల. మామూలు రోజుల్లో బంతి తీగ మీంచి పోయిందా కిందనుంచి పోయిందా అని జుట్లు పట్టుకునేవాళ్ళం. బట్టలు ఆరేసిన రోజు ఆ తగువు ఉండేది కాదు. అమ్మ ఒక చట్టం చేసింది: బంతి ఏ బట్టకు తగిలితే, కొట్టినవాళ్ళే ఆ బట్టను మళ్ళీ ఉతికి, గంజి పెట్టి ఆరెయ్యాలి. హిందీవాళ్ళ పిల్లలకూ, మలయాళీ పిల్లకూ కూడా మినహాయింపు లేదు. పైన మేడ సన్‌షేడ్ కిందికి దిగి ఉండేది కాబట్టి బంతిని ఎత్తి కొట్టడానికి కుదరదు. కిందికి కొడితే నాన్న ప్యాంటు. మధ్యలో మూరెడు ఖాళీ, అందులోంచే పంపాలి. ఆ ఖాళీ కూడా రోజూ ఒకచోట ఉండదు. దుప్పట్ల రోజు ఒక ఎత్తు, చీరల రోజు ఒక ఎత్తు, గాలికి కొంగు ఎగిరితే ఉన్న ఖాళీ కూడా క్షణంలో మాయం. బంతి సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్త బంతి కొనే ఊసే లేదు, నలిగిపోయినప్పుడల్లా అమ్మ స్వెటర్లల్లగా మిగిలిన ఉన్ని చుట్టి ఇచ్చేది. ఒక్కో బంతికి ఒక్కో బుద్ధి. నిన్న తెలిసిన బంతి ఇవాళ తెలియదు.

ఆడేవాళ్ళలో నేను చిన్నదాన్ని. అందుకని ఎవరికీ అక్కర్లేని చోటు, మా వంటింటి గోడ పక్కన, నాకు ఇచ్చారు. కుడిచేతివైపు గోడ. చెయ్యి బారజాపి కొడితే వేళ్ళ కణుపులు చిట్లేవి. రెండుసార్లు చిట్లాక మోచెయ్యి తనంతట తానే పక్కటెముకకు అతుక్కుంది. బంతి దగ్గరకు వచ్చేదాకా ఆగి, అది ఎటు ఒరుగుతుందో చూసి, ఆఖరి క్షణంలో మణికట్టు ఒక్కటీ చటుక్కున విదిలించేదాన్ని. ఎవరూ నేర్పలేదు. జట్టుకు పెద్దదైన రేఖా దీదీ మాత్రం "గోడ నీకు అక్కలాంటిదే, ఇటు రానియ్యదు" అనేది. ఆవిడ పక్క క్వార్టర్ తెలుగువాళ్ళ అమ్మాయి. అక్క కాబట్టి అప్ప అనాలి, భిలాయి కాబట్టి దీదీ అన్నాము.

ఎ షిఫ్ట్ దిగాక నాన్న నవారు మంచం గల్లీ చివర వేసుకుని, చుట్ట కాలుస్తూ మా ఆట చూసేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఎలా కొట్టాలి నాన్నా అని ఓరోజు అడిగాను. చుట్ట తీసి, "నాను సెప్తే వొచ్చీదేటే అది? క్రేన్‌లోకి కొత్త కుర్రోళ్ళొస్తారు, లివరు కేసి సూస్తా కూకుంటారు. లివరు కేసి సూసినోడు లోడు పడేస్తాడు. లోడు కేసి సూడాల, దాని ఊపు సూడాల. సెయ్యి దాని పని అది సేసుకుంతాది," అన్నాడు. మరి కొత్తవాళ్ళకు ఎలా నేర్పుతావు అంటే, "ఖాళీ హుక్కు ఇస్తాను. ఆ మర్నాడు సిన్న లోడు. ఆ మర్నాడు గాలి తలుపులు తీయించేసి అదే లోడు," అని మళ్ళీ చుట్ట పెట్టుకున్నాడు. ఆయన నాతో ఏకబిగిన అన్ని మాటలు మాట్లాడింది ఆ ఒక్కరోజే అనుకుంటాను.

మా బడిలో ఆటల పోటీ చూసి రేఖా దీదీనీ నన్నూ బాల్ బ్యాడ్మింటన్ శిక్షణ క్యాంపుకు పిలిచారు. ఆ క్యాంపు నుంచే జట్టు ఎంపిక. జట్టులో ఉంటే పై ఊళ్ళకు వెళ్ళి ఆడవచ్చు, బాగా ఆడితే పెద్దయ్యాక ప్లాంటులో ఉద్యోగం కూడా రావచ్చని అందరూ అనేవాళ్ళు. ప్లాంటులో ఉద్యోగం చేసే ఆడపిల్ల! మా ఇంట్లో ఆ మాట అనుకున్నంతసేపు పొయ్యి మీద అన్నం అడుగంటింది. నాకు ఉద్యోగం గోల పట్టలేదు. నీలం అంచు తెల్ల బనియను, వెనక నంబరు, రైలు పెట్టెలో కిటికీ పక్క సీటు, అవి కావాలి. ఎంతగా కావాలంటే అన్నం తింటూ కూడా ఆ బనియనే కనిపించేది.

క్యాంపులో మాకు నేర్పిన కోచ్ సాబ్ చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఎండలో మాతోపాటే నిలబడేవాడు, అమ్మాయిల్ని ఒక్క పాడుమాట అనలేదు. కాకపోతే చేతికి ఒకటే సరైన ఆకారం ఉందని, అది తన దగ్గరే ఉందని ఆయన నమ్మకం. సిమెంటు నేల మీద సున్నంతో పాదాల గుర్తులు వేసి, వాటి మీద మమ్మల్ని వరసగా నిలబెట్టి, బంతి లేకుండా రాకెట్లు తిప్పించేవాడు. ఏక్, దో, తీన్. బంతి లేదు, గాలి లేదు, ఎదుట మనిషి లేదు. నా దగ్గరకు వచ్చి బెత్తంతో మోచేతి కింద తట్టి "హాథ్ ఖోలో! యే గల్లీ కా హాథ్ హై," అన్నాడు. చెయ్యి తెరువు, ఇది గల్లీ చెయ్యి. అందరూ నవ్వారు. ఆ రోజునుంచి క్యాంపులో నా పేరే గల్లీ. నేను బుద్ధిమంతురాలిని, ఆయన చెప్పినట్టు మోచేతినే చూసుకుంటూ తిప్పడం నేర్చుకున్నాను. పదిహేను రోజుల్లో అందరికంటే అందంగా చెయ్యి తెరిచింది నేనే. బంతి వేసేసరికి మాత్రం గాలిని కొట్టేదాన్ని. చెయ్యి సరిగ్గానే తెరుచుకునేది, బంతి అక్కడ ఉండేది కాదు.

కోచ్ సాబ్ నాన్నను పిలిపించాడు. పిల్లలో సత్తా ఉంది, గల్లీలో ఆడి చెయ్యి పాడుచేసుకుంటోంది, ఎంపిక అయ్యేదాకా అక్కడ ఆడనివ్వకండి అన్నాడు. మా నాన్న జన్మలో ఒకరి మాట విన్నవాడు కాదు. ఫోర్‌మన్‌తో కూడా పోట్లాడేవాడు. కానీ కాగితం మీద చదివి వచ్చినవాడన్నా, మెడలో విజిల్ వేసుకున్నవాడన్నా ఆయనకు ఒక బెరుకు. నలభై టన్నుల లోడును నేల మీద కోడిగుడ్డు పెట్టినట్టు దింపేవాడు, తనకు తెలిసింది చదువు కిందికి రాదని అనుకునేవాడు. ఇంటికి వచ్చి సైకిల్ గోడకు ఆనించి, కటింగ్ ప్లయర్ తెచ్చి బట్టల తీగ విప్పి, చుట్టచుట్టి అటక మీద పెట్టేశాడు. "సాబు సదువుకున్నోడే. ఆయనకి తెల్దేటి?" అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గల్లీ ఎంత వెడల్పుగా ఉందో ఆ రోజే చూశాను, నాకు ఏడుపొచ్చింది.

అమ్మ రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోరోజు తడిబట్టల గంగాళం గల్లీ మధ్యలో దబ్బున పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "తీగిప్పేసినావు. బట్టలెక్కడ ఆరెయ్యాలేటి? మీ కోచ్ సాబు నెత్తి మీదా?" అంది. నాన్న గొణిగాడు, పిల్ల ఉద్యోగం అన్నాడు, సాబు అన్నాడు. "సాబుకి ఆట తెలుస్తాదేమో. మన గుంట తెల్దు. పదిహేన్రోజులై దాని మొకం సూసినావా? బొమ్మనాగ సెయ్యి తిప్పుతాది, బువ్వ తినేప్పుడు కూడా మోసెయ్యి సూసుకుంటాది. ఆ తీగ తే నువ్వు!" అంది. నాన్న తేలేదు. అమ్మే స్టూలు ఎక్కి, అటక మీది తీగ దింపి, మేకులకు బిగించింది. బిగువు సరిపోక మధ్యలో జారింది. అలాగే వదిలేసి బట్టలు ఆరేసింది. అమ్మకు ఆట తెలియదని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ రోజు తర్వాత నుంచి బొగ్గుల బస్తా నా ఎడమపక్కకు జరిగింది, నాకు ఉన్న చోటు ఇంకా ఇరుకైంది. గోడ తడుస్తోందని జరిపానంది. బంతులు కూడా మరీ వంకరగా చుట్టసాగింది. ఉన్ని అయిపోయిందంది. నిజమో అబద్ధమో అడగడానికి ఇప్పుడు ఆవిడ లేదు.

పోయిన చెయ్యి ఒక్కరోజులో రాలేదు. ఎంపికకు మిగిలిన పది రోజుల్లో నేను పదకొండు బట్టలు మళ్ళీ ఉతికాను, అందులో పాండే చాచీ బనారసు చీర కూడా ఉంది. పొద్దున క్యాంపులో చెయ్యి తెరిచి, సాయంత్రం గల్లీలో మూసి, రెంటికీ చెడ్డ రేవడిలా ఉన్నాను. ఓ సాయంత్రం గాలికి దుప్పటి పైకి లేస్తే దాని కిందనుంచి రేఖా దీదీ బంతి దూసుకొచ్చింది. మోచెయ్యి సంగతి తలుచుకునే వ్యవధి లేదు. ఎలా కొట్టానో తెలియదు, కొట్టాను. నాన్న మంచం మీదనుంచి "ఊఁ" అన్నాడు.

ఎంపిక మ్యాచ్ నాడు మధ్యాహ్నంనుంచే వడగాలి. ప్లాంటు వైపునుంచి ఎర్రదుమ్ము లేస్తోంది. బంతి ఉన్నిది, గాలి ఎటు తోస్తే అటు. క్యాంపులో అందంగా తిప్పిన చేతులన్నీ ముందే తెరుచుకుని, పక్కకు ఒరిగిన బంతికి దారి ఇచ్చేస్తున్నాయి. నేనూ అంతే. కోచ్ సాబ్ ఎదురుగా కూర్చున్నాడు, ఆయన చెప్పినట్టే తెరిచాను, నాలుగు బంతులు వదిలేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గాలి మీదకు తొయ్యాలనిపించింది. అప్పుడు కుడిగీత పక్కన సైకిళ్ళు కనిపించాయి. షిఫ్ట్ దిగి ఆట చూడ్డానికి ఆగినవాళ్ళు గీతకు ఆనించి వరసగా స్టాండు వేసిన సైకిళ్ళు. "దీదీ, నన్ను ఆ సైకిళ్ళ పక్కకి వెయ్యి," అన్నాను. గల్లీలో ఆడినది కాబట్టి రేఖా దీదీ ఎందుకని అడగలేదు. అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. హ్యాండిల్ బార్ నా మోచేతికి తగిలింది. అంతే, నేను మా వంటింటి గోడ పక్కన ఉన్నాను.

ఆ తర్వాత నన్ను దాటి బంతి పోలేదు అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. రెండు పోయాయి. మిగిలినవన్నీ ఆగి, చూసి, ఆఖర్న విదిలించి పంపాను. కోచ్ సాబ్ లేచి నిలబడి "హాథ్ ఖోలో! హాథ్!" అని అరుస్తూనే ఉన్నాడు. నాకు వినబడింది. వినబడలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను, అది అబద్ధం. విని, మోచేతిని ఇంకొంచెం పక్కటెముకకు అదుముకున్నాను. మ్యాచ్ మేమే గెలిచాం. సాయంత్రం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. రేఖా దీదీ పేరు ఉంది, నా పేరు లేదు. దీదీ వెళ్ళి అడిగితే ఆయన ఒక్క మాట అన్నాడట: "లడ్కీ జీత్‌తీ హై, సున్‌తీ నహీ." పిల్ల గెలుస్తుంది, మాట వినదు.

ఇంటికి వచ్చేసరికి సిగ్డీల పొగ వేళ. నాన్న మంచం మీద ఉన్నాడు. "ఓడిపోనావేటే?" అన్నాడు. "గెలిచాను నాన్నా. పేరు లేదు," అన్నాను. ఎందుకని అడగలేదు. ఆరిపోయిన చుట్ట మంచం కింద పెట్టాడు. తర్వాత లేచి కటింగ్ ప్లయర్ తెచ్చి, అమ్మ కట్టిన తీగ జారిన చోట విప్పి, బిర్రుగా లాగి మెలిపెట్టాడు. నా వైపు తిరగకుండానే "ఆ దినం తీగిప్పేసినాను సూడు, అది నా తప్పే," అన్నాడు. మా నాన్న నోట తప్పు అనే మాట నేను విన్నది అదొక్కసారే. నీలం అంచు బనియను నాకు దక్కలేదు. అది దక్కనందుకు ఇప్పటికీ బాధే, పోయిందని చెప్పను. కానీ అమ్మ వంకరబంతీ, నాన్న బిగించిన తీగా నాతోనే ఉండిపోయాయి. బడిలో పీటీ టీచరుగా చేసినన్నాళ్ళూ వాటితోనే నెట్టుకొచ్చాను.

ఇప్పుడు ఆ గల్లీలు కార్లతోనూ కూలర్లతోనూ నిండిపోయాయి. బట్టలు లోపలి బాల్కనీల్లో ఆరుతున్నాయి. పిల్లలు ఆటకు పోవాలంటే ఫీజు కట్టి, గాలి చొరని హాల్లోకి, రబ్బరు చాపల మీదకు, అందరూ ఒకే రంగు బూట్లతో వెళుతున్నారు. ఆ రోజులే బంగారం అని నేను అనను. రేఖా దీదీకి పెళ్ళి కుదరగానే రాకెట్టు లాక్కుని మూల పెట్టింది కూడా ఆ రోజులే. ఇప్పటి పిల్లలు నాకంటే ధైర్యవంతులు. వాళ్ళకు లేనిది గోడ ఒక్కటే. అందుకే రిటైరయ్యాక రుఆబాంధా చివరి ఖాళీ జాగాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో మొదలుపెట్టాను. వల పైన ఒక తీగ కట్టాను, దాన్ని రోజూ ఎత్తు మారుస్తాను. ఒకరోజు నేల తడుపుతాను, ఒకరోజు ఇటుకలతో చోటు సగం చేస్తాను. నోటితో చెప్పేది తక్కువ. నా నోటిదురుసుకు అదే కష్టం.

హేమిన్ క్యాంప్ టూ అనే బస్తీ పిల్ల. వాళ్ళ సందులో తోపుడుబళ్ళ మధ్య పెరిగింది, చెయ్యి చాపే చోటు ఆమెకూ లేదు. మొదటిరోజు ఆమె మోచెయ్యి చూశాను, అచ్చం నాదే. ఎంపిక కమిటీ పెద్దమనిషి వచ్చింది ఈ పిల్ల కోసమే. పెద్దమనిషి అంటే నా కొడుకు వయసువాడు, తెల్లబూట్లు, మర్యాదస్తుడు, ఇక్కడే పుట్టిన తెలుగువాడు. ఫోనులో హేమిన్ కొట్టే వీడియో నెమ్మదిగా నడిపి, మోచేతి మీద ఎర్రగీతలు గీసి చూపించాడు. "మేడం గారూ, పిల్లలో దమ్ ఉంది. చెయ్యి ఒక్కటే తెరవాలి. ఈ తార్ తీసేయండి, వచ్చే ఆదివారానికి ఏ సంగతీ చెప్పండి. సరే అంటే పేరు పంపుతాం, లేకపోతే కష్టం," అన్నాడు. బెత్తం పోయి ఎర్రగీత వచ్చింది.

ఆ వారం నేను సరిగ్గా నిద్రపోలేదు. పోయేది నా పేరు కాదు, హేమిన్ పేరు. నా పాత కచ్చ తీర్చుకోవడానికి పరాయి పిల్ల తలరాత వాడుకుంటున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి ఆమెనే కూర్చోబెట్టి, నీ ఇష్టం, నువ్వు సరే అంటే నేనే దగ్గరుండి చెయ్యి మారుస్తాను అన్నాను. నిజంగానే అన్నాను. హేమిన్ రాకెట్టు తీగలు రెండుసార్లు గిల్లింది. "మేడం, ఘర్ మే ట్రై కరే రెహెవ్. ఓకర్ బాత్ మానథౌం త కోహనీ దిఖథే, బాల్ నఇ దిఖయ్," అంది. ఇంట్లో చేసి చూసింది. ఆయన మాట వింటే మోచెయ్యి కనిపిస్తోందట, బంతి కనిపించడం లేదట. లివరు కేసి చూసినోడు లోడు పడేస్తాడు అన్న మనిషి పోయి ఎన్నేళ్ళయింది!

ఆదివారం ఆయన వచ్చేసరికి స్వప్న కూడా మైదానంలోనే ఉంది. ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, సిద్ధాంతమంతా ఆయన ముందు పరచడానికి కాలు దువ్వుతోంది. వద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. "తార్ ఇంకా తియ్యలేదా మేడం గారూ?" అన్నాడు ఆయన. "తీసేస్తే బట్టలెక్కడ ఆరెయ్యాలి బాబూ? నీ నెత్తి మీదా?" అన్నాను. ఆయన తీగ వైపు చూశాడు. దాని మీద ఒక్క బట్ట కూడా లేదు. ముసలిదానికి మతి పోయిందనుకుని ఉంటాడు. ఆ కథ నా నోట నాలుగుసార్లు విన్న హేమిన్ మాత్రం పరిగెత్తుకుని కుళాయి దగ్గరకు వెళ్ళి, తన చున్నీ తడిపి, పిండి, తెచ్చి తీగ మీద ఆరేసింది. స్వప్న సంచీలోంచి మా అమ్మ చుట్టిన వంకరబంతి తీసి ఆ పెద్దమనిషి చేతిలో పెట్టింది. "సర్, ఆప్ డాలియే," అంది హేమిన్, అవతలి పక్క ఇటుకల వరస దగ్గర నిలబడి. మీరే వెయ్యండి.

మర్యాదస్తుడు కాబట్టి వేశాడు, బాగానే వేశాడు. బంతి తడిచున్నీ దాటి, గాల్లో సగం దారిలో ఆకుపచ్చ వైపుకు ఒరిగింది. హేమిన్ కదల్లేదు, ఆగింది, మోచెయ్యి పక్కటెముకకు ఆనే ఉంది. మణికట్టు చిటుక్కుమంది. చున్నీ మీంచి వచ్చిన బంతి ఆయన తెల్లబూట్ల పక్కన పడింది. చున్నీ అంచు కూడా కదల్లేదు. ఆయన వంగి బంతి తీసుకుని, వేళ్ళతో వత్తి చూసి, మళ్ళీ వేశాడు. ఎర్రగీతలు గీసే ఆ ఫోను మాత్రం తియ్యలేదు.

జాబితా ఇంకా రాలేదు. అందులో హేమిన్ పేరు లేకపోతే ఆ రోజుల్లోలా తల వంచుకుని ఇంటికి రాను, ఆఫీసు గుమ్మంలో కూర్చుంటాను, నాకు వయసు తప్ప పోయేదేమీ లేదు. తీగ మాత్రం విప్పను.